ఎవరి ఖాతాలోనూ పడని గంటలు

తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,



మారేడుపల్లిలోనో పద్మారావునగర్‌లోనో పెళ్లిచూపుల మాటల మధ్య "అబ్బాయి కన్సల్టెన్సీలో చేస్తున్నాడండీ" అని వస్తే అవతలివాళ్లు వెంటనే తల ఊపరు. "ఏ కన్సల్టెన్సీ?" అని అడిగి, జవాబు విన్నాకే కాఫీ గ్లాసు అందుకుంటారు. రాయదుర్గం వైపు అద్దాల మేడలో డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ లాంటి పేరు చెబితే ఒక లెక్క. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు పెట్టి, నలుగురికి హెచ్‌-1బీ చేసిన కంపెనీ అయితే ఇంకో లెక్క. అమీర్‌పేటలో రెండో అంతస్తులో కూర్చుని రాత్రంతా అమెరికాకు ఫోన్లు చేసే ఆఫీసు అయితే మూడో లెక్క. ఇవి కాక చదువుకు వీసా ఇప్పించే కన్సల్టెన్సీలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని ఉద్యోగం చూపిస్తామనేవీ ఉన్నాయి. వాటి జోలికి వెళితే ఈ ఉత్తరం పుస్తకం అవుతుంది.

మొదటి మూడింటికీ మాత్రం ఒక చుట్టరికం ఉంది. జీతాలు వేరు, హోదాలు వేరు, ఆఫీసు కుర్చీలు వేరు; అమ్మే సరుకు ఒకటే, మనిషి గంటలు. కొనేది క్లయింటు, అమ్మేది సంస్థ, ఆ గంటలు కూర్చుని పని చేసేది మూడో మనిషి. కన్సల్టింగ్ ఉద్యోగంలో ఉన్న మంచీ చెడూ ఈ ముగ్గురి మధ్యే పుడతాయి. గంటల లెక్క చూడవలసిన శాఖ మీది కాబట్టి ఉత్తరం మీ పేర రాస్తున్నది.

సికింద్రాబాద్‌కు ఈ వ్యాపారం కొత్త కాదు. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో ఈ ఊళ్లోనే పాతిక మంది కూడా లేని జట్టుతో మొదలైంది. సర్దార్ పటేల్ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ దాని రిజిస్టర్డ్ ఆఫీసు. 1991లో జాన్ డీర్ అనే అమెరికా ట్రాక్టర్ల కంపెనీ దానికి మొదటి పెద్ద క్లయింటు అయింది. ట్రాక్టరు ఇల్లినాయిస్‌ది, ప్రోగ్రామరు సికింద్రాబాద్ వాడు. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు లేచాయో, ఎన్ని ఫ్లాట్లకు ఈఎంఐలు కట్టారో లెక్క లేదు. కంపెనీ తనను తాను కన్సల్టింగ్, ఐటీ సేవల సంస్థ అని చెప్పుకునేది.

2009 జనవరి 7న దాని చైర్మన్ రామలింగరాజు బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు. తర్వాత దర్యాప్తులో 7,561 నకిలీ బిల్లులు బయటపడ్డాయి. అంటే ఎవరూ పని చేయని గంటలకు, ఎవరూ కొనని గంటలకు రాసిన బిల్లులు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రామలింగరాజుకు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పీలుతో ఆ శిక్ష అమలు ఆగింది. 2009లోనే సత్యం కంపెనీని టెక్ మహీంద్రా కొనుక్కుంది. పని దొరకని వేలమంది ఉద్యోగులను "వర్చువల్ పూల్" అని పేరు పెట్టి, జీతంలో కొంత భాగం ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ ఏడాది తార్నాకలో, అల్వాల్‌లో చాలా ఇళ్లలో వినిపించిన కొత్త మాట అది.

ఆ పాత కథను ఇప్పుడు తవ్వడం ఎందుకంటే, నేటి కథ దానికి తిరగేసిన బొమ్మ. అప్పుడు పని లేకుండా బిల్లులు పుట్టాయి. ఇప్పుడు బిల్లు లేకుండా పని పుడుతోంది.

అదెలాగో చెప్పాలంటే ఒక బీకామ్ పట్టా నుంచి మొదలుపెట్టాలి. అల్వాల్ లయోలా అకాడమీ, మారేడుపల్లి కస్తూర్బా, పద్మారావునగర్ సర్దార్ పటేల్ కాలేజీల్లాంటి చోట్ల బీకామ్ చదివిన పిల్లలకు ఒకప్పుడు బ్యాంకు పరీక్ష, రైల్‌నిలయంలో గుమస్తాగిరీ, కాస్త పట్టుదల ఉంటే సీఏ, ఇవే దారులు. ఇప్పుడు నాలుగో దారి "యూఎస్ టాక్స్". అమెరికాలో పౌరులు, కంపెనీలు కట్టే ఆదాయపు పన్ను రిటర్నులను హైదరాబాద్‌లో తయారు చేస్తారు. వ్యక్తులకు 1040, భాగస్వామ్య సంస్థలకు 1065, కార్పొరేషన్లకు 1120 అని ఫారాలు. ఇంట్లో తండ్రి జీతానికి ఫారం-16 తప్ప ఇంకో పన్ను కాగితం చూడని ఇరవై రెండేళ్ల అమ్మాయి, టెక్సస్ డెంటిస్టు భాగస్వామ్యంలో ఎవరికెంత వాటా వచ్చిందో చెప్పే కె-1 షెడ్యూలు చకచకా నింపేస్తుంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం.

మంచి సంగతులు ఇంకా ఉన్నాయి, వాటిని దాచిపెట్టి రాస్తే ఈ ఉత్తరానికి విలువ ఉండదు. పెద్ద సంస్థలో చేరిన మొదటి నెలలోనే శిక్షణ మీద శిక్షణ ఇస్తారు. ఒకే క్లయింటుకు అతుక్కుపోకుండా ఈ మూడు నెలలు ఆసుపత్రుల గొలుసు, ఆ తర్వాత బీమా కంపెనీ, ఆ పైన చమురు సంస్థ, ఇలా రెండేళ్లలో నాలుగు పరిశ్రమల లోపలి గదులు చూడవచ్చు. మామూలు ఉద్యోగంలో ఆ చూపు రావడానికి పదేళ్లు పడుతుంది. అమెరికాలో మేనేజరుతో రోజూ మాట్లాడడం వల్ల ఇంగ్లిషు మీద భయం పోతుంది. అమెరికా పన్నుల శాఖ ముందు క్లయింటు తరఫున నిలబడే అర్హత ఇచ్చే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్షను ఇండియాలోనే రాసుకోవచ్చు. ఆరోగ్య బీమా ఉంటుంది. రాత్రి షిఫ్టు ఆడపిల్లలకు ఇంటి గుమ్మం దాకా క్యాబ్ వస్తుంది, ఆ క్యాబే లేకపోతే చాలా ఇళ్లలో ఆ ఉద్యోగానికి అనుమతి ఉండేది కాదు. ఇక అన్నిటికంటే పెద్ద లాభం రెజ్యూమె మీద పడే పేరు. నాలుగేళ్లు ఆ పేరు కింద పని చేసి బయటికొస్తే, హైదరాబాద్‌లో వరసగా తెరుచుకుంటున్న విదేశీ కంపెనీల సొంత ఆఫీసులు పిలిచి కుర్చీ వేస్తాయి. కన్సల్టింగ్‌లో చేరేవాళ్లలో చాలామంది అక్కడ రిటైర్ అవుదామని చేరరు, అక్కణ్నుంచి ఎటు దూకవచ్చో చూసుకునే చేరతారు.

ఇక టైమ్‌షీటు సంగతి.

ఈ సంస్థల్లో ప్రతి ఉద్యోగీ వారం చివర ఒక పట్టిక నింపాలి. ఏ క్లయింటుకు ఎన్ని గంటలు పని చేశాడో అందులో రాయాలి. క్లయింటుకు బిల్లు వేయగలిగినవి "బిల్లబుల్" గంటలు. మొత్తం గంటల్లో బిల్లబుల్ ఎంత శాతమో చెప్పే అంకె "యుటిలైజేషన్". రేటింగూ, బోనసూ, ప్రమోషనూ చాలావరకు ఆ అంకె వెంటే నడుస్తాయి. ఇంతవరకు సబబే. చిక్కు తర్వాత వస్తుంది. ఒక రిటర్నుకు ఇన్ని గంటలని ముందే బడ్జెట్ వేసి ఉంటుంది. ఉదాహరణకు ఆరు గంటలనుకుందాం. క్లయింటు పంపిన కాగితాలు గజిబిజిగా ఉన్నాయి, తొమ్మిది గంటలు పట్టింది. తొమ్మిదీ రాస్తే మేనేజరు లాభం తగ్గుతుంది, "స్లో" అని పేరు పడుతుంది. కుర్రాడు ఆరే రాస్తాడు. మిగతా మూడు గంటలు మింగేస్తాడు. వృత్తిలో దీనికి "ఈటింగ్ అవర్స్" అని పేరే ఉంది. అలా రాయమని ఎవరూ చెప్పరు. చాలా సంస్థల నియమావళిలో అలా రాయకూడదనే ఉంటుంది. రాయకపోతే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

ఇందులో అసలు కిటుకు వచ్చే ఏడాది బయటపడుతుంది. పాత టైమ్‌షీట్లు చూసి కొత్త బడ్జెట్ వేస్తారు. అందులో ఆరు గంటలని ఉంది కదా, ఈసారి ఐదున్నర. నిరుడు తాను మింగిన గంటలే ఈ ఏడాది అతని మెడకు చుట్టుకుంటాయి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉండే కాలాన్ని "బిజీ సీజన్" అంటారు. అమెరికాలో భాగస్వామ్య సంస్థల రిటర్నులకు గడువు మార్చి 15, వ్యక్తులకు ఏప్రిల్ 15. గడువు పెంచుకున్నవాళ్లకు మళ్లీ సెప్టెంబరు 15, అక్టోబరు 15. మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రి పదకొండుకు ముగిసే షిఫ్టు చాలాచోట్ల మామూలు. కాగితం మీద ముగుస్తుంది. చలికాలంలో మనకు, న్యూయార్క్‌కు పదిన్నర గంటల తేడా; ఇక్కడ పదకొండంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడి మేనేజరు భోజనం చేసి వచ్చి తాపీగా "క్విక్ కాల్" అంటాడు. కాల్ క్విక్‌గా ముగిసిన సందర్భాలు కన్సల్టింగ్ చరిత్రలో పెద్దగా నమోదు కాలేదు.

సంక్రాంతికి ఊరెళ్లడం, ఉగాదికి ఇంట్లో ఉండడం, మార్చిలో తమ్ముడి ఇంటర్ పరీక్షలు, మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు అన్నీ ఈ సీజన్‌లోనే పడతాయి. తెలుగు క్యాలెండరుకూ అమెరికా పన్నుల క్యాలెండరుకూ జాతకం అస్సలు కలవలేదు.

పుణెలో 2024 జులైలో ఇరవై ఆరేళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ ఒకమ్మాయి చనిపోయింది. ఒక అంతర్జాతీయ ఆడిట్, కన్సల్టింగ్ సంస్థలో చేరి నాలుగు నెలలు. మోయలేని పనిభారం తన బిడ్డను బలి తీసుకుందని తల్లి ఆ సంస్థ భారత అధిపతికి ఉత్తరం రాశారు. సెప్టెంబరులో అది దేశమంతా చదివింది. పనిభారమే కారణమన్న మాటను సంస్థ ఒప్పుకోలేదు. ఆ వాదం ఎవరు గెలవాలన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తనిఖీకి వెళ్లిన మహారాష్ట్ర కార్మిక శాఖ అధికారులకు కనబడినది ఇక్కడ ముఖ్యం: 2007 నుంచి నడుస్తున్న ఆ ఆఫీసుకు దుకాణాలు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషనే లేదు. పని గంటలకు హద్దు గీసే చట్టం అదే. పదిహేడేళ్ల పాటు ఆ గుమ్మం లోపలికి ఆ చట్టం అడుగు పెట్టలేదు. ఒక బిడ్డ పోయి, తల్లి ఉత్తరం రాస్తే తప్ప ఎవరూ వెళ్లి చూడలేదు.

అందుకే మన ఇంటి చట్టం సంగతి అడగాలనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టమే తెలంగాణలో నడుస్తోంది. 2025 జులై 5న మీ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలను మినహాయించి, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చు. వారానికి మాత్రం 48 గంటలు దాటకూడదు. దాటితే ఓవర్‌టైమ్ వేతనం ఇవ్వాలి. ఆ ఓవర్‌టైమ్ కూడా మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు. ఆరు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఉండాలి. పరిశ్రమల వాళ్లు దీన్ని సులభతర వ్యాపారం అన్నారు, కార్మిక సంఘాలు వెనకడుగు అన్నాయి. వేళ్ల మీద లెక్క వేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. వారానికి ఐదు రోజులు, రోజుకు పది గంటలంటే యాభై. అంటే మీ ఉత్తర్వు ప్రకారమే రెండు గంటలు ఓవర్‌టైమ్. ఇక మూడు నెలలకు పదమూడు వారాలు. 144ను వాటికి పంచితే వారానికి పదకొండు గంటల చిల్లర. నలభై ఎనిమిదికి కలిపితే యాభై తొమ్మిది. బిజీ సీజన్‌లో ఆ గీత లోపల ఉండే జట్లు ఎన్నో, అది దాటే జట్లు ఎన్నో మీ శాఖకు ఏ పుస్తకం చూస్తే తెలుస్తుంది?

టైమ్‌షీటు చూస్తే తెలియదు. అది క్లయింటుకు చూపించడానికి రాసింది. ఉద్యోగి మింగేసిన గంటలు అందులో ఉండవు, క్లయింటు కట్టడు, సంస్థ కట్టదు, చట్టానికి కనబడవు.

ఐటీ, ఐటీ ఆధారిత సేవల సంస్థలకు పని వేళల నిబంధనల నుంచి ఏళ్లుగా వేరే మినహాయింపులు నడుస్తున్నాయి. ఒకే మేడలో నాలుగో అంతస్తు ఏ గొడుగు కింద ఉందో, ఐదో అంతస్తు ఏ గొడుగు కింద ఉందో అక్కడ పని చేసేవాళ్లకే తెలియదు. పైగా "సీనియర్ కన్సల్టెంట్" అనో "అసిస్టెంట్ మేనేజర్" అనో బిరుదు తగిలిస్తే, తాను కార్మికుణ్ని కాదని ఉద్యోగే నమ్మడం మొదలుపెడతాడు. ఆ బిరుదు ఇరవై అయిదేళ్లకే వస్తుంది. దానితో పాటు ఓవర్‌టైమ్ అడిగే నోరు పోతుంది. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో వారానికి 70 గంటలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 దాకా వెళ్లారు. దేశమంతా వాళ్లను తిట్టిపోసింది. ఆ మాత్రం గంటలు ఎవరూ పైకి అనకుండానే చేయించుకుంటున్న చోట్ల గురించి అంత గొడవ జరగలేదు.

కన్సల్టెంట్లంటే ప్రభుత్వాలకు ఉన్న మోజు కూడా ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. 1999లో వెలువడిన ఉమ్మడి రాష్ట్ర "విజన్ 2020" రాయడానికి మెకిన్సీ వచ్చినప్పటి నుంచి సచివాలయంలో ఆ కుర్చీ ఖాళీగా లేదు. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ మన ఊళ్లోనే బెల్లావిస్టా భవనంలో ఉంది, సలహాలు ఇవ్వడం వాళ్ల పనుల్లో ఒకటి. అయినా దూరపు కొండలు నునుపే. 2025లో ఆస్ట్రేలియాలో, మీ శాఖ లాంటి ఉపాధి శాఖకే డెలాయిట్ ఇచ్చిన ఒక నివేదికలో లేని పుస్తకాలు, కోర్టు తీర్పులో లేని మాటలు దొరికాయి. తయారీలో కృత్రిమ మేధను వాడారని తేలింది. 4,40,000 ఆస్ట్రేలియన్ డాలర్ల ఆ పనికి కొంత డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఇది ఉద్యోగుల సంగతి ఎలా అవుతుందంటే, కొత్తగా చేరిన కుర్రాళ్లు చేసే పని అదే: వెతకడం, సరిచూడడం, స్లయిడ్లు పేర్చడం. ఆ పనిని యంత్రానికి అప్పగిస్తే కుర్రాడి గంటలకు గిరాకీ పడిపోతుంది. అప్పగించిన దాన్ని సరిచూసే గంటలను బడ్జెట్‌లో ఎవరూ వేయరు. అవి మళ్లీ అతను మింగాల్సిందే.

ఇక రెండో లెక్క, సముద్రం అవతలిది. అమెరికాలో తెలుగువాళ్ల నోట "కన్సల్టెన్సీ" అంటే డెలాయిట్ కాదు, "దేశీ కన్సల్టెన్సీ". ఈ పద్ధతి మీద షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాద్‌లో, సిడ్నీలో తిరిగి 2007లో ఒక పుస్తకమే వేశాడు. మన కట్నాలకూ, మన అమీర్‌పేట కోచింగులకూ, విదేశీ ప్రాజెక్టులకూ మధ్య ఉన్న ముడిని అందులో విప్పి చూపాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఆ పని ఎవరైనా ముందే చేసి ఉంటే బాగుండేది.

అమెరికాలో ఎమ్మెస్ పూర్తయిన విద్యార్థికి ఓపీటీ అనే పని అనుమతి కింద పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగు చదువైతే మరో 24 నెలలు పని చేసుకునే వీలుంది. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఎనభయ్యో రోజు దగ్గరపడేసరికి ఎవరి ఆఫర్ లెటరైనా అమృతమే. కన్సల్టెన్సీ ఆ ఆఫర్ లెటరు ఇస్తుంది. గెస్ట్ హౌస్‌లో చాప ఇస్తుంది, పప్పు అన్నం ఇస్తుంది. ఆ సమయంలో దాని విలువ ఇంతని చెప్పలేం. కన్సల్టెన్సీ లేకపోతే వెనక్కి వచ్చేసేవాళ్లు, అక్కడ నిలదొక్కుకుని ఇల్లు కొనుక్కున్నవాళ్లు ప్రతి తెలుగు ఊళ్లో ఉన్నారు. బదులుగా రెజ్యూమెలో ఆరేళ్ల అనుభవం పుట్టుకొస్తుంది. క్లయింటు గంటకు ఇచ్చే డాలర్లు మధ్య వెండర్లు ఒకరిద్దరి చేతులు దాటి వచ్చి, మిగిలినది 70-30 అనో 80-20 అనో పంపకం అవుతుంది. క్లయింటు అసలు ఎంత ఇస్తున్నాడో పని చేసేవాడికి చాలాసార్లు తెలియదు. తన గంట ధర తనకే తెలియని వ్యాపారం లోకంలో ఇదొక్కటేనేమో.

ప్రాజెక్టు అయిపోతే "బెంచ్". ఇక్కడ మన పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హెచ్‌-1బీ మీద ఉన్న ఉద్యోగికి పని చూపించలేకపోయినా యజమాని జీతం ఆపకూడదని అమెరికా చట్టం స్పష్టంగా చెబుతోంది. పని లేకపోవడం యజమాని తంటా, ఉద్యోగిది కాదు. హెచ్‌-1బీ దరఖాస్తుకు యజమాని కట్టవలసిన లాయరు ఫీజును ఉద్యోగి నుంచి రాబట్టడమూ కుదరదు. ఇవి తెలిసి కూడా నోరు మెదపనివాళ్లు ఉన్నారు, ఎందుకంటే ఫిర్యాదు చేస్తే ముందు తమ రెజ్యూమె మీద ఆరేళ్ల అబద్ధం బయటపడుతుంది. ఇద్దరూ కలిసి చెప్పిన అబద్ధానికి ఒక్కడే జామీను.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, దేశం బయట నుంచి మనిషిని తెప్పించుకోవడం చిన్న కంపెనీలకు అసాధ్యమైంది. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకు ఆ రుసుము వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. కాబట్టి కన్సల్టెన్సీల చూపంతా ఇప్పుడు అక్కడున్న విద్యార్థుల మీదే. ఈ బేరంలో వాళ్ల బలం పెరిగిందో, మెడ మీద పట్టు పెరిగిందో త్వరలోనే తేలుతుంది.

మంత్రి గారూ, అమెరికా చట్టం మీ చేతిలో లేదు, నిజమే. మూడో లెక్క మాత్రం పూర్తిగా మీ చేతిలోదే. డాలస్ కన్సల్టెన్సీకి హైదరాబాద్‌లో ఒక చెయ్యి ఉంటుంది. దాని పేరు "బెంచ్ సేల్స్". సాయంత్రం ఆరున్నరకు మొదలై తెల్లవారుజామున మూడున్నర దాకా డిగ్రీ చదివిన కుర్రాళ్లు "మైక్", "కెవిన్" అని పేర్లు పెట్టుకుని, బెంచ్ మీద ఉన్నవాళ్ల రెజ్యూమెలు వెండర్లకు అమ్ముతారు. జీతం తక్కువ, "క్లోజింగ్" పడితే ఇన్సెంటివ్. ఆ ఇన్సెంటివ్ ఎంతో, ఎప్పుడు ఇస్తారో చాలాచోట్ల నోటిమాటే. అపాయింట్‌మెంట్ లెటరు అడిగితే నవ్వుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని బీరువాలో ఉంటాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి, ఉద్యోగం మానితే రెండు పనిదినాల్లో వేతన బకాయి చెల్లించాలంటున్నాయి. అమీర్‌పేట రెండో అంతస్తు మెట్లెక్కి ఈ సంగతి చెప్పే మనిషి కావాలి. ఆ మెట్లు ఎక్కాల్సింది మీ శాఖే.

బాండ్ల విషయంలో ఒక జాగ్రత్త. కుర్రాళ్లలో చాలామంది బాండ్ అంటే చెల్లని కాగితమని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానితే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అది ప్రభుత్వ బ్యాంకు, నియామక ఖర్చులు వేరు, న్యాయం కూడా ఉండొచ్చు. కానీ ఆ తీర్పు ఫొటోకాపీ ఇప్పుడు పది మంది పని చేసే ఆఫీసుల గోడకూ ఎక్కుతోంది. రెండు నెలల శిక్షణ కూడా ఇవ్వని సంస్థ రెండు లక్షల బాండ్ రాయించుకోవడం వేరు సంగతి అని చెప్పాల్సిన అవసరం ఉంది.

కోరేవి పెద్దవేమీ కావు. ఈ సంస్థల గుమ్మాల దగ్గర కార్డు గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఇంటి నుంచి పని చేసినా ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఎప్పుడు వదిలారో కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. కొత్త రిజిస్టరు పెట్టమని ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర్లేదు. ఆ కార్డు లెక్కను పని గంటల రిజిస్టరుగా గుర్తించి, మూడు నెలలకోసారి 144 గంటల గీతతో సరిచూస్తామని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. టైమ్‌షీటుకూ కార్డుకూ మధ్య తేడా ఎంతుందో, మింగేసిన గంటలు అంత. ఆఫర్ లెటరుతో పాటు ఒక్క పేజీ కాగితం తప్పనిసరి చేయండి: బాండ్ ఎంత, నోటీసు ఎన్ని రోజులు, ప్రాజెక్టు లేని రోజుల్లో జీతం ఎంత, బిజీ సీజన్ ఏ నెలలు. ఇష్టపడి చేరేవాళ్లు అప్పుడూ చేరతారు, తెలిసి చేరతారు. మీ శాఖ కిందే ఉన్న టామ్‌కామ్ సంస్థ ఏటా విదేశాలకు మనుషులను పంపుతోంది. చదువుకు వెళ్లే పిల్లలకు కూడా బెంచ్ జీతం, లాయరు ఫీజు గురించి తెలుగులో రెండు పేజీల కరపత్రం అది అచ్చు వేయగలదు. వీసా దొరికిన ఆనందంలో విమానాశ్రయానికి వెళ్లే బండిలో అదైనా చదువుతారు.

చివరగా ఒక విన్నపం. పైన చెప్పిన ఆఫీసుల్లో ఏదో ఒకదానికి తనిఖీకి అధికారిని పంపదలుచుకుంటే ఆగస్టులో పంపకండి. అప్పుడు అందరూ ఏడింటికే ఇళ్లకు వెళ్తారు, గోడలకు రంగులు వేస్తుంటారు. మార్చి రెండో వారంలో, రాత్రి పదకొండున్నరకు పంపండి. రాయదుర్గం నుంచి సికింద్రాబాద్ మీదుగా వచ్చే ఆఖరి మెట్రో పదకొండింటికే బయల్దేరిపోతుంది కాబట్టి, సొంత బండిలో రమ్మనండి.

భవదీయుడు,
సికింద్రాబాద్ వాసి